నెట్‌వర్క్ ట్రాఫిక్ పర్యవేక్షణపై పరిశోధన: తరచుగా అడిగే ప్రశ్నలు

ఈ రంగంలో పీహెచ్‌డీ చేద్దామనో, మాస్టర్స్ ప్రాజెక్టుకు ఇదే అంశం తీసుకుందామనో అనుకునేవాళ్లు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలివి. జవాబుల్లో అక్కడక్కడా నా అభిప్రాయాలు కూడా ఉన్నాయి. ఏది అభిప్రాయమో, ఏది తేలిన విషయమో చదువుతుంటేనే తెలుస్తుంది.

టూల్స్ ఇన్ని ఉన్నాయి కదా, ఇంకా పరిశోధించడానికి ఏం మిగిలింది?

లింకుల వేగం పెరిగినంతగా మెమరీ వేగం పెరగలేదు. చిక్కంతా అక్కడే ఉంది. 10 గిగాబిట్ల ఈథర్‌నెట్ లింకు నిండా అతి చిన్న ప్యాకెట్లే (డేటాను ముక్కలు చేసి పంపే మూటలు) వచ్చాయనుకోండి. సెకనుకు దాదాపు 1.488 కోట్ల ప్యాకెట్లు వస్తాయి, ఒక్కోదానికి దొరికే సమయం 67 నానోసెకన్లు. 100 గిగాబిట్ల లింకు మీద అది 6.7 నానోసెకన్లకు పడిపోతుంది. మామూలు డీర్యామ్‌లో ఒక విలువ చదవడానికే 50 నుంచి 100 నానోసెకన్లు పడుతుంది. ఆ ఒక్క చదవడం పూర్తయ్యేలోపే ఏడు ప్యాకెట్లయినా దాటిపోతాయి. చిప్‌లోనే ఉండే ఎస్‌ర్యామ్ వేగంగా పనిచేస్తుంది కానీ అది చాలా తక్కువ ఉంటుంది. రౌటింగ్ టేబుళ్లు, బఫర్లు అన్నీ దాన్నే పంచుకోవాలి.

అందుకే ఈ రంగంలో అందరూ చివరికి ఒకే ప్రశ్న దగ్గరికి వస్తారు. కొద్దిపాటి మెమరీతో, ప్యాకెట్‌కు రెండు మూడు పనులకు మించకుండా, ట్రాఫిక్ గురించి ఎంత నిజం తెలుసుకోగలం? తెలుసుకున్నదాంట్లో ఎంత తప్పు ఉండొచ్చో ముందే చెప్పగలమా? ఈ రెండో భాగమే నాకు ఎక్కువ ఇష్టం. అంచనా ఎవరైనా వేస్తారు. ఆ అంచనా ఎంతలో తప్పుతుందో హామీ ఇవ్వగలగడమే అసలు పరిశోధన.

ప్రతి ప్యాకెట్‌నూ పట్టి దాచేస్తే ఈ గొడవంతా ఉండదు కదా?

10 గిగాబిట్ల లింకు రోజంతా నిండుగా నడిస్తే 108 టెరాబైట్ల డేటా అవుతుంది, అదీ ఒక్క లింకుకే. దాచగలిగినా, తర్వాత అందులో వెతకడం కొండను తవ్వి ఎలుకను పట్టడమే. పైగా జనం రాసుకునేవి, చూసేవి కూడా అందులోనే ఉంటాయి. అవసరం లేని చోట వాటిని పోగేయడం తప్పని నా గట్టి నమ్మకం.

మొత్తం పట్టే పద్ధతికీ దాని చోటు దానికి ఉంది. ఒక సర్వర్‌లో ఏదో తేడా వచ్చింది, పది నిమిషాల ట్రాఫిక్ కావాలి అంటే టీసీపీడంప్‌కు మించింది లేదు. 1988లో లారెన్స్ బర్క్‌లీ ల్యాబ్‌లో వాన్ జాకబ్సన్, క్రెయిగ్ లెరెస్, స్టీవెన్ మెక్‌కేన్ మొదలుపెట్టిన ఆ చిన్న టూల్ ఇప్పటికీ రోజూ వాడుతున్నాం. దాన్ని ఆపగానే చివర్లో మూడు లైన్లు వస్తాయి. ఎన్ని ప్యాకెట్లు పట్టింది, ఫిల్టర్‌కు ఎన్ని వచ్చాయి, ఆపరేటింగ్ సిస్టమ్ కెర్నల్ ఎన్ని వదిలేసింది. విద్యార్థులు మూడో లైన్ చూడరు. అక్కడ సున్నా కాక వేరే అంకె ఉంటే మీ చేతిలో ఉన్నది మొత్తం ట్రాఫిక్ కాదు. అది మీరు ఎంచుకోని, మీకు లెక్క తెలియని శాంపిల్. సాధారణంగా ట్రాఫిక్ ఒక్కసారిగా ఎగసినప్పుడే ప్యాకెట్లు పోతాయి కాబట్టి, మీరు చూడాలనుకున్న క్షణమే అందులో లోపిస్తుంది.

ఎస్‌ఎన్‌ఎంపీ కౌంటర్లు (ఒక్కో లింకు మీద ఎన్ని బైట్లు వెళ్లాయో పరికరమే లెక్కపెట్టుకునేవి) చాలవా?

లింకు ఎంత నిండిందో తెలియాలంటే చాలు. ఎవరు నింపారో వాటితో తెలియదు.

ఇక్కడ నాకు జరిగింది ఒకటి చెప్పాలి. మొదటి ప్రయోగంలో 1 గిగాబిట్ లింకును ఐదు నిమిషాలకోసారి కొలిచాను. రెండు వారాలు గీసిన గ్రాఫు ఎప్పుడూ 114 మెగాబిట్లు దాటలేదు. లింకు ఖాళీగా ఉందని నమ్మాను, రిపోర్టులో కూడా అదే రాశాను. నేను చదివింది 32 బిట్ల కౌంటర్. 1 గిగాబిట్ వేగంలో అది 34 సెకన్లకే నిండి మళ్లీ సున్నాకు వస్తుంది. ఐదు నిమిషాల్లో ఎన్నిసార్లు తిరిగిందో లెక్క లేదు. అలాంటి కౌంటర్‌ను 300 సెకన్లకోసారి చదివితే కనిపించగల గరిష్ఠ వేగమే సుమారు 114.5 మెగాబిట్లు. అంటే నా గ్రాఫు చూపించింది లింకును కాదు, కౌంటర్ హద్దును. 64 బిట్ల కౌంటర్లు పక్కనే ఉన్నాయి, నేను చూసుకోలేదు. అప్పటి నుంచి ఏ గ్రాఫులోనైనా గీత ఒకే ఎత్తు దగ్గర ఆగుతుంటే ముందు కొలిచే సాధనాన్ని అనుమానిస్తాను.

ఫ్లో అంటే ఏమిటి?

పంపినవారి ఐపీ అడ్రస్, అందుకునేవారి ఐపీ అడ్రస్, రెండు వైపుల పోర్టు నంబర్లు, ప్రోటోకాల్. ఈ ఐదూ ఒకేలా ఉన్న ప్యాకెట్లన్నీ ఒక ఫ్లో. ఫోన్ బిల్లులాంటిది అనుకోండి. ఎవరు ఎవరికి, ఎప్పుడు, ఎంతసేపు అన్నది ఉంటుంది, ఏం మాట్లాడుకున్నారో ఉండదు. సిస్కో 1996 ప్రాంతంలో తెచ్చిన నెట్‌ఫ్లో ఈ పద్ధతికి దారి వేసింది. దాని ఆధారంగానే ఐపీఫిక్స్ ప్రమాణం వచ్చింది. ఇప్పుడు అమల్లో ఉన్న దాని రూపం 2013 నాటిది.

శాంప్లింగ్‌ను ఎంతవరకు నమ్మొచ్చు?

మీరు దేని గురించి అడుగుతున్నారన్న దాన్ని బట్టి. వెయ్యిలో ఒక ప్యాకెట్ తీసి లెక్కపెట్టే స్విచ్ ఉందనుకోండి. ఒక రకం ట్రాఫిక్‌కు చెందినవి మీ శాంపిల్‌లో 100 పడితే, 95 శాతం నమ్మకంతో మీ అంచనా తప్పు దాదాపు 20 శాతం లోపు ఉంటుంది. 10,000 పడితే 2 శాతం లోపు. తప్పు శాంపిల్ సంఖ్య వర్గమూలంతో తగ్గుతుంది. మొత్తం ట్రాఫిక్ ఎంత పెద్దదన్నది ఇక్కడ పెద్దగా పట్టింపు కాదు, చేతికి ఎన్ని శాంపిళ్లు చిక్కాయన్నదే లెక్క. ఇది మొదటిసారి విన్నప్పుడు చాలామంది నమ్మరు.

కాబట్టి ఏ సర్వీసు ఎంత బ్యాండ్‌విడ్త్ తింటోంది, ఏ లింకు పెంచాలి లాంటి ప్రశ్నలకు శాంప్లింగ్ దివ్యంగా పనిచేస్తుంది. మూడే ప్యాకెట్లున్న ఫ్లోను మాత్రం అది దాదాపు ఎప్పుడూ చూడదు. పోర్ట్ స్కాన్ చేసేవాడు, అంటే ఏ తలుపు తెరిచి ఉందో ఒక్కొక్కటిగా వెతికేవాడు, పంపేవి అలాంటివే, ఒక్కో చోటికి ఒక్కో ప్యాకెట్. భద్రత కోసం శాంప్లింగ్ మీదే ఆధారపడితే దొంగ తలుపు తట్టిన చప్పుడు కూడా వినపడకపోవచ్చు. ‘మొత్తం ఎన్ని ఫ్లోలు ఉన్నాయి’ అన్న ప్రశ్నకైతే శాంపిల్‌లోని సంఖ్యను వెయ్యితో గుణించడం పూర్తిగా తప్పు. పేపర్ల డ్రాఫ్టుల్లో ఈ తప్పు ఇప్పటికీ కనిపిస్తుంటుంది.

పెద్ద ఫ్లోలు మాత్రమే కావాలంటే?

చాలా లింకుల మీద కొద్దిపాటి ఫ్లోలే సగానికి పైగా బైట్లు మోస్తాయి. ఈ రంగంలో వాటిని ఏనుగులంటారు, మిగతావి ఎలుకలు. 2002లో క్రిస్టియన్ ఎస్టాన్, జార్జ్ వర్గీస్ ఒక సూటి ప్రశ్న వేశారు. ఏనుగులే కావాలంటే ఎలుకలకు కౌంటర్లు ఎందుకు కేటాయించాలి? వాళ్ల పద్ధతుల్లో ఒకటి ఇది. శాంప్లింగ్‌లో ఒక ఫ్లో ఒక్కసారి చిక్కితే చాలు, అక్కడి నుంచి దాని ప్రతి ప్యాకెట్‌నూ లెక్కపెట్టాలి. మామూలు శాంప్లింగ్‌లో తప్పు మెమరీ వర్గమూలానికి విలోమంగా తగ్గుతుంటే, ఇక్కడ నేరుగా మెమరీకే విలోమంగా తగ్గుతుంది. చూడటానికి చిన్న మార్పే, ఫలితంలో తేడా మాత్రం చాలా పెద్దది.

ఇంతకంటే పాతది, నాకు మరీ నచ్చేది 1982లో జయదేవ్ మిశ్రా, డేవిడ్ గ్రీస్ రాసిన పద్ధతి. కాగితం మీద చేసి చూద్దాం. రెండే కౌంటర్లున్నాయి. ప్యాకెట్లు ఈ వరుసలో వస్తున్నాయి (ఒక్కో అక్షరం ఒక ఫ్లో): అ, అ, ఆ, అ, ఇ, అ, ఆ, అ, ఈ, అ. వచ్చిన ఫ్లోకు కౌంటర్ ఉంటే ఒకటి కలపాలి. లేకపోతే, ఖాళీ కౌంటర్ ఉంటే ఇవ్వాలి. ఖాళీ కూడా లేకపోతే అన్ని కౌంటర్ల నుంచీ ఒకటి తీసేయాలి.

మొదటి నాలుగు ప్యాకెట్లకు అ 3, ఆ 1 అవుతాయి. ఐదోది ఇ, దానికి చోటు లేదు. రెండింటి నుంచీ ఒకటి తీస్తే ‘అ’ 2, ‘ఆ’ సున్నా అయి వెళ్లిపోయింది. తర్వాతి అ, ఆ, అ లతో అ 4, ఆ 1. ‘ఈ’ వచ్చింది, మళ్లీ చోటు లేదు, ‘అ’ 3 మిగిలింది. చివరి అ తో 4. నిజానికి అ వచ్చింది 6 సార్లు, కౌంటర్ చెబుతోంది 4. లెక్క తగ్గింది కానీ అసలైనవాడు దొరికాడు. ఇది అదృష్టం కాదు. రెండు కౌంటర్లుంటే, మొత్తంలో మూడో వంతు కంటే ఎక్కువసార్లు వచ్చినది ఏదైనా చివరికి కచ్చితంగా మిగులుతుంది. వరుస ఎలా మార్చినా అంతే. చేత్తో ఒకసారి వరుస మార్చి చేసి చూడండి, ఎందుకో అర్థమైపోతుంది.

స్కెచ్ అంటే ఏమిటి? అందరూ అదే అంటున్నారు.

పెద్ద ట్రాఫిక్‌కు చిన్న నీడలాంటి పట్టిక. అన్నిటికంటే ప్రసిద్ధమైనది గ్రాహం కార్మోడ్, ఎస్. ముత్తుకృష్ణన్‌ల కౌంట్-మిన్ స్కెచ్, 2005లో అచ్చయింది. ఐదు వరుసలు, ఒక్కో వరుసలో 2,719 గళ్లు ఊహించుకోండి. ఒక్కో వరుసకు వేరే హ్యాష్ ఫంక్షన్, అంటే ఫ్లో పేరును యాదృచ్ఛికంగా కనిపించే అంకెగా మార్చే సూత్రం. ప్యాకెట్ రాగానే దాని ఫ్లో ఐదు వరుసల్లోనూ ఏ గడిలో పడుతుందో లెక్కగట్టి, ఆ ఐదు గళ్లలో ఒకటి కలుపుతాం. తర్వాత ఆ ఫ్లో ఎన్నిసార్లు వచ్చిందని అడిగితే ఆ ఐదు గళ్లలో అతి చిన్న అంకె చెబుతాం. ఒకే గడిలో ఇంకో ఫ్లో పడితే అంకె పెరుగుతుందే తప్ప తగ్గదు, కాబట్టి చిన్నదే నిజానికి దగ్గర.

గళ్లు మొత్తం 13,595. ఒక్కోదానికి 4 బైట్లు ఇస్తే 54 కిలోబైట్లు. ఇంతే మెమరీతో, 99 శాతం సంభావ్యతతో, అంచనాలో అదనపు తప్పు మొత్తం ప్యాకెట్లలో 0.1 శాతానికి మించదు. ఫ్లోలు లక్షల్లో ఉన్నా హామీ ఇదే.

ఇప్పుడు ఆ హామీని జాగ్రత్తగా చదవండి. 0.1 శాతం అన్నది ఆ ఫ్లోలో కాదు, మొత్తం ట్రాఫిక్‌లో. 10 కోట్ల ప్యాకెట్లు వెళ్లి ఉంటే తప్పు లక్ష వరకూ ఉండొచ్చు. 50 లక్షల ప్యాకెట్ల ఏనుగుకు లక్ష ఒక లెక్కలోది కాదు. 500 ప్యాకెట్ల ఎలుకను అడిగితే వచ్చే జవాబుకు అర్థమే ఉండకపోవచ్చు. స్కెచ్ చెడ్డదని కొట్టిపారేసేవాళ్లు, అన్నిటికీ అదే మందు అనేవాళ్లు, ఇద్దరూ ఈ ఒక్క వాక్యాన్నే సరిగా చదవలేదని నాకనిపిస్తుంది.

ఇంకో సంగతి. స్కెచ్‌లో ఫ్లోల పేర్లు ఉండవు. ‘ఈ ఫ్లో ఎంత’ అంటే చెబుతుంది, ‘పెద్ద ఫ్లోలు ఏవి’ అంటే చెప్పలేదు. దానికి పక్కన అభ్యర్థుల చిన్న జాబితా ఒకటి నడపాలి, దాని మెమరీ కూడా లెక్కలో చూపాలి.

కలుపుకోగలగడం స్కెచ్‌ల గొప్ప గుణం. ఒకే హ్యాష్‌లు వాడిన రెండు స్కెచ్‌లను గడికి గడి కలిపితే రెండు లింకుల ఉమ్మడి లెక్క వస్తుంది. ఈ నిమిషం నుంచి పోయిన నిమిషాన్ని తీసేస్తే ఏది ఎగసిందో, ఏది పడిపోయిందో కనిపిస్తుంది. ఒకే ప్యాకెట్ రెండు స్విచ్‌ల గుండా వెళ్తే రెండుసార్లు లెక్కకొస్తుందన్నది మాత్రం మరవకండి.

ఎన్ని వేర్వేరు అడ్రస్‌లు వచ్చాయో లెక్కించాలంటే?

హైపర్‌లాగ్‌లాగ్. ఫిలిప్ ఫ్లాజొలే బృందం 2007లో ప్రచురించింది. 1.5 కిలోబైట్ల మెమరీతో వంద కోట్లకు పైగా వేర్వేరు అంశాలను సుమారు 2 శాతం తప్పుతో లెక్కించొచ్చు. హ్యాష్ విలువ మొదట్లో వరుసగా ఎన్ని సున్నాలొచ్చాయో గమనించడమే దాని కిటుకు. వరుసగా పది సున్నాలు రావడం అరుదు. వచ్చాయంటే వెయ్యి దాకా వేర్వేరువి వచ్చి ఉండాలి. ఒకే సర్వర్ మీదికి ఒక్కసారిగా వేలాది అడ్రస్‌ల నుంచి దాడి జరిగితే పట్టుకోవడానికి ఇది బాగా పనికొస్తుంది.

ప్రత్యేకమైన స్విచ్ లేకుండా ఈ పరిశోధన చేయొచ్చా?

నిస్సందేహంగా. 2012లో లుయిజీ రిజ్జో నెట్‌మ్యాప్ అనే వ్యవస్థతో 900 మెగాహెర్ట్జ్ వేగంతో నడిచే ఒకే ఒక్క కోర్ మీద 10 గిగాబిట్ల లింకును అతి చిన్న ప్యాకెట్లతో నింపి చూపించాడు. ఇప్పుడు ప్యాకెట్లను వేగంగా అందుకునే డీపీడీకే, ఈబీపీఎఫ్ సాఫ్ట్‌వేర్లు అందరికీ అందుబాటులో ఉన్నాయి. అల్గారిథం మీద పనిచేసేవాళ్లకైతే ట్రేస్ ఫైలు, ల్యాప్‌టాప్ ఉంటే మొదటి ఏడాదికి చాలు.

ప్రోగ్రామబుల్ స్విచ్‌ల వైపు వెళ్లాలనుకుంటే పీ4 భాష నేర్చుకోండి. 2014లో వచ్చిన ఆ ఆలోచన వల్లే కొలిచే పద్ధతులను స్విచ్‌లో నేరుగా రాయడం వీలైంది. కానీ ఒకే చిప్‌కు అతుక్కుపోకండి. ఎన్నో పేపర్లకు ఆధారమైన టొఫినో అనే స్విచ్ చిప్‌లను ఇకపై అభివృద్ధి చేయబోమని 2023లో ఇంటెల్ ప్రకటించింది. ఆలోచన కాగితం మీద నిలబడేదై ఉంటే చిప్ పోయినా అది మిగులుతుంది.

అంతా ఎన్‌క్రిప్ట్ అయిపోయాక చూడటానికి ఏముంటుంది?

లోపలి మాట కనిపించదు. కనిపించకూడదు కూడా. ప్యాకెట్ల సైజులు, వాటి మధ్య వ్యవధి, ఏ వైపు ఎన్ని వెళ్లాయన్నది కనిపిస్తూనే ఉంటాయి. కౌంటర్లు, ఫ్లోలు, స్కెచ్‌లు వీటి మీదే నడుస్తాయి కాబట్టి ఈ రంగానికి పెద్దగా దెబ్బ తగల్లేదు. 2021లో ప్రమాణమైన క్విక్ ప్రోటోకాల్ మాత్రం కొంత మార్చింది. టీసీపీలో బయటికి కనిపించే సీక్వెన్స్ నంబర్లతో మధ్యలో ఉన్నవాళ్లు ఆలస్యాన్ని కొలిచేవాళ్లు. క్విక్‌లో అవి మూసేశారు. బదులుగా స్పిన్ బిట్ అని ఒక్క బిట్ ఉంచారు, అది కూడా వాడి తీరాలన్న నియమం లేదు. ఆ ఒక్క బిట్‌తో ఎంత తెలుసుకోవచ్చన్నది మంచి పరిశోధనాంశం.

మెషీన్ లెర్నింగ్‌తో దాడులన్నీ పట్టేయొచ్చంటున్నారు, నిజమేనా?

ఒక లెక్క చేద్దాం. పది లక్షల ఫ్లోల్లో 100 దాడులున్నాయి. మీ మోడల్ దాడుల్లో 99 శాతం పడుతుంది, మంచివాటిలో 1 శాతాన్ని మాత్రమే తప్పుగా అనుమానిస్తుంది. పేపర్‌లో ఇది అద్భుతంగా కనిపిస్తుంది. అలారాలు ఎన్ని మోగుతాయి? నిజమైనవి 99, అబద్ధాలు 9,999. ప్రతి వంద అలారాల్లో నిజమైనది ఒకటి. ‘నాన్నా పులి’ కథలో లాగా రెండో వారానికి ఎవరూ పట్టించుకోరు. కాబట్టి ఖచ్చితత్వం ఎంత శాతమో కాదు, రోజుకు ఎన్ని తప్పుడు అలారాలో రాయండి.

డేటాసెట్ల విషయంలోనూ జాగ్రత్త. దాడులను పట్టే మోడళ్లను పరీక్షించడానికి వాడే కేడీడీ కప్ 99 డేటా 1998లో ల్యాబ్‌లో తయారుచేసిన ట్రాఫిక్ నుంచి వచ్చింది. దాని లోపాల మీద 2000 నుంచే విమర్శలున్నాయి. అయినా కొత్త పేపర్లు దాన్ని వాడుతూనే ఉంటే బాధగా ఉంటుంది.

అసలు ట్రాఫిక్ డేటా ఎక్కడ దొరుకుతుంది?

శాన్ డియాగోలోని కైడా సంస్థ పరిశోధకులకు ట్రేస్‌లు ఇస్తుంది, దరఖాస్తు చేసుకోవాలి. జపాన్‌లోని వైడ్ ప్రాజెక్టు వారి మావీ ఆర్కైవ్‌లో రోజుకు 15 నిమిషాల ట్రేస్ అందరికీ అందుబాటులో ఉంటుంది. లోపలి డేటా తీసేసి, అడ్రస్‌లు మార్చి ఇస్తారు. మీరే సేకరిస్తుంటే ఈ పని తప్పనిసరి. క్రిప్టో-పాన్ లాంటి పద్ధతిలో, ఒకే నెట్‌వర్క్‌లోని రెండు అడ్రస్‌లు మార్చాక కూడా ఒకే నెట్‌వర్క్‌లో ఉన్నట్టు కనిపిస్తాయి కాబట్టి విశ్లేషణ చెడదు. కానీ పట్టుదల ఉన్నవాడు మళ్లీ గుర్తుపట్టే ప్రమాదం ఉంటుంది. మీ సంస్థలోని నైతిక సమీక్ష కమిటీని సేకరణకు ముందే అడగండి, పేపర్ రాసేటప్పుడు కాదు.

ట్రాఫిక్‌ను నేనే తయారు చేసుకుంటే?

కోడ్ తప్పులు వెతకడానికి సరే. ఫలితాలు చూపడానికి మాత్రం చాలదు. విల్ లేలాండ్ బృందం 1989 నుంచి 1992 వరకు పట్టిన ఈథర్‌నెట్ ట్రాఫిక్‌ను పరిశీలించి 1993లో ఒక విషయం చూపించింది. అప్పటిదాకా వాడిన మోడళ్ల ప్రకారం ఎక్కువసేపటి సగటు తీసుకుంటే ఒడిదుడుకులు నునుపెక్కాలి. నిజం ట్రాఫిక్‌లో అలా జరగలేదు. మిల్లీసెకన్లలో చూసినా, నిమిషాల్లో చూసినా అదే గరుకుదనం కనిపించింది. మీరు తయారుచేసిన ట్రాఫిక్‌లో ఆ గరుకుదనం లేకపోతే మీ అల్గారిథం అసలు పరీక్ష రాయనట్టే.

గణితం ఎంత రావాలి?

సంభావ్యత బాగా రావాలి. మార్కోవ్, చెబిషెవ్, చెర్నాఫ్ అసమానతలు చేతి వేళ్ల మీద ఉండాలి. మిగతాది పని చేస్తూ నేర్చుకోవచ్చు.

ఎక్కడ ప్రచురిస్తారు?

కొలతలకైతే ఐఎంసీ, పామ్ సదస్సులు. వ్యవస్థలకు సిగ్‌కామ్, ఎన్‌ఎస్‌డీఐ, కోనెక్స్ట్.

మొదటి నెలలో ఏం చేయాలి?

మావీ నుంచి ఒక ట్రేస్ దించుకోండి. మామూలు హ్యాష్ టేబుల్‌తో ప్రతి ఫ్లోకూ కచ్చితమైన లెక్క తీయండి. తర్వాత కౌంట్-మిన్ స్కెచ్ మీరే రాయండి, లైబ్రరీ వాడొద్దు. నడపకముందే తప్పు ఎంత రావాలో సూత్రం ప్రకారం కాగితం మీద రాసుకోండి. నడిపాక రెండూ పక్కపక్కన పెట్టండి. అసలు తప్పు సాధారణంగా సూత్రం చెప్పిన హద్దు కంటే బాగా తక్కువే వస్తుంది, ఎందుకో ఆలోచించండి. ఐదు వరుసలకు వచ్చిన తప్పు, ఒకే వరుస ఉంచి చూసినప్పటి తప్పు అచ్చం ఒకటే అయితే, అన్ని వరుసల హ్యాష్‌లకూ ఒకే సీడ్ (మొదలుపెట్టే అంకె) ఇచ్చారేమో ముందు అది చూడండి.